సూపర్‌స్టార్ సరే, మిగతా నలుగురి సంగతేంటి?

బాస్కెట్‌బాల్ గురించి మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కెవిన్ డురాంట్, డెవిన్ బుకర్, బ్రాడ్లీ బీల్ ముగ్గురూ ఉన్న ఫీనిక్స్ అమెరికా లీగ్ ఎన్‌బీఏ 2024-25 సీజన్‌లో ప్లేఆఫ్స్‌కే (నాకౌట్ దశకే) వెళ్లలేదు, అదే ఏడాది షే గిల్జస్ అలెగ్జాండర్ ఒక్కడే పెద్ద స్టార్‌గా ఉన్న ఓక్లహోమా సిటీ కప్పు కొట్టింది, ఎలా? ఇక బెంగళూరు బెల్లందూరు వైపు కార్పొరేట్ టోర్నమెంట్లు ఆడే మీ ఆఫీసు టీమ్‌లో అందరికంటే రెండు మెట్లు పైన ఆడే కుర్రాడొకడు ఉన్నాడు, బంతి ఎప్పుడూ అతనికే ఇవ్వాలా? రెండింటికీ మూలం ఒకటే కాబట్టి కలిపే చెబుతాను. పొద్దున ఆరింటికి ఫైనల్స్ చూసి ఆఫీసు క్యాబ్ ఎక్కేవాళ్లకి పేర్లన్నీ తెలిసే ఉంటాయి, పరిచయాలు పెట్టుకోను.

ముందు కొలత సరిచేసుకుందాం. మనవాళ్లు స్టార్‌ని పాయింట్లతో కొలుస్తారు. నిన్న 35 కొట్టాడు, మొన్న 41 కొట్టాడు అని. కోచ్ చూసేది వేరు. ఇతని చేతికి బంతి వచ్చాక ఎదుటి టీమ్‌లో రెండో డిఫెండర్ ఎప్పుడు కదులుతున్నాడు, ఎక్కణ్ణుంచి కదులుతున్నాడు? ఒకడి మీదికి ఇద్దరు వెళ్తే మిగిలిన కోర్టులో నలుగురికి ముగ్గురే కాపలా. ఆ తేడాని ఒకటి రెండు పాసుల్లో బుట్టలో వేయగలిగే నలుగురు పక్కన ఉన్నారా లేదా అన్నదే టీమ్ కట్టడంలో అసలు లెక్క. లేకపోతే స్టార్ 40 కొడతాడు, టీమ్ 12 తేడాతో ఓడుతుంది, మర్నాడు గ్రూపులో అభిమానులు మిగతావాళ్లని తిడతారు.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఆర్‌సీబీ గుర్తుకు రావడం సహజం. కోహ్లి, గేల్, డివిలియర్స్ ఒకే లైనప్‌లో ఆడిన రోజుల్లో రాని కప్పు 2025లో, 18వ సీజన్‌లో వచ్చింది. అయితే ఈ పోలిక కొంతవరకే నడుస్తుంది. క్రికెట్‌లో బ్యాటర్ ఔటయ్యాడంటే ఆ రోజుకి బ్యాటుతో అతని పని ముగిసినట్టే. బాస్కెట్‌బాల్‌లో స్టార్ 48 నిమిషాల్లో 36 దాకా కోర్టు మీదే ఉంటాడు, రెండు వైపులా ఆడతాడు, ఐదుగురిలో ఒకడు. అందుకే ఒక్క మనిషి వల్ల ఫలితం మారడం ఈ ఆటలో ఎక్కువ. అతని లోపం దాచడం కూడా అంతే కష్టం.

ఇప్పుడు డబ్బు. ఇది అర్థం కాకుండా ట్రేడ్‌లు (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) అర్థం కావు. ఐపీఎల్ వేలంలో పర్సుకి పరిమితి ఉంది కానీ ఒక ఆటగాడి ధరకి లేదు, జేబు ఒప్పుకున్నంత పాడుకోవచ్చు. ఎన్‌బీఏలో ఒక్కో ఆటగాడి జీతానికీ సీలింగు ఉంది. 2025-26 సీజన్‌కి సాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాలకి పెట్టిన మొదటి గీత) సుమారు 15.46 కోట్ల డాలర్లు. లీగ్‌లో ఆరేళ్ల వరకు అనుభవం ఉన్నవాడు కొత్త కాంట్రాక్టు మొదటి ఏడాదికి అందులో 25 శాతం దాకా, 7 నుంచి 9 ఏళ్లవాడు 30 శాతం దాకా, పదేళ్లు నిండినవాడు 35 శాతం దాకా తీసుకోవచ్చు. ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), ఆల్-ఎన్‌బీఏ (ఏడాది మేటి జట్టులో చోటు) లాంటివి సంపాదిస్తే సొంత టీమ్ దగ్గర ఒక మెట్టు ముందే ఎక్కొచ్చు, సూపర్‌మాక్స్ అనేది అదే. అంతకుమించి ఎవ్వరికీ లేదు. అంటే నికోలా యోకిచ్ టీమ్ బలంలో సగం మోస్తున్నా అతనికి 35 శాతమే.

దీని ఫలితం తలకిందులుగా ఉంటుంది. లీగ్‌లో అందరికంటే చవకగా దొరికేది అసలైన సూపర్‌స్టార్. అందరికంటే ఖరీదైనవాడు, సూపర్‌స్టార్ కాకపోయినా అదే మాక్స్ జీతం తీసుకునేవాడు. ఏడాదికి 22 పాయింట్లు కొట్టి, ఆల్‌స్టార్ అంచుల్లో ఉండి, రెండో డిఫెండర్‌ని రప్పించలేనివాడికి మాక్స్ ఇచ్చారంటే ఆ టీమ్ నాలుగేళ్లు ఇరుక్కున్నట్టే.

లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య 2023లో వచ్చిన కొత్త ఒప్పందం ఈ తప్పుకి శిక్ష పెంచింది. క్యాప్ పైన లగ్జరీ ట్యాక్స్ గీత, దానిపైన మొదటి ఏప్రన్, రెండో ఏప్రన్ అని గీతలున్నాయి. 2025-26కి రెండో ఏప్రన్ సుమారు 20.78 కోట్ల డాలర్లు. అది దాటిన టీమ్ ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని ట్రేడ్‌లో తెచ్చుకోలేదు, ట్రేడ్‌లో నగదు పంపలేదు, మిడ్-లెవెల్ ఎక్సెప్షన్ (క్యాప్ దాటాక కూడా బయటి ఆటగాణ్ణి తీసుకోనిచ్చే మినహాయింపు) వాడుకోలేదు. ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్ (ఏటా జరిగే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు) ట్రేడ్‌కి పనికిరాకుండా స్తంభించిపోతుంది. యజమాని ఎంత డబ్బున్నవాడైనా ఇక్కడ చెక్కు రాసి బయటపడే దారి లేదు.

కాగితం మీద వేసి చూడండి. 35 శాతం వాళ్లు ఇద్దరు, 30 శాతం వాడొకడు ఉన్నారనుకుందాం. 5.41, 5.41, 4.64, మొత్తం 15.46 కోట్లు. ముగ్గురికే క్యాప్ అంతా అయిపోయింది. రెండో ఏప్రన్ దాకా మిగిలింది 5.32 కోట్లు, నింపాల్సిన చోట్లు 12. సగటున మనిషికి 44 లక్షల డాలర్లు. ఆ ధరకి మంచి షూటర్ దొరుకుతాడు కానీ డిఫెన్స్ ఆడడు, లేదా డిఫెన్స్ ఆడతాడు కానీ కార్నర్‌లో ఖాళీగా వదిలేసినా వేయలేడు. రెండూ చేసేవాడికి అంతకు మూడు నాలుగు రెట్లు పలుకుతుంది.

ఫీనిక్స్‌లో జరిగింది సరిగ్గా ఇదే. 2023 ఫిబ్రవరిలో డురాంట్ కోసం మికాల్ బ్రిడ్జెస్, కామ్ జాన్సన్, జే క్రౌడర్, నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక స్వాప్ (పిక్‌ల మార్పిడి హక్కు) ఇచ్చారు. బ్రిడ్జెస్, జాన్సన్ ఎవరు? బంతి పెద్దగా అడగకుండా త్రీలు (దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు) వేస్తూ ఎదుటి స్టార్‌ని కాసే పొడుగు వింగ్‌లు (కోర్టు పక్కల ఆడేవాళ్లు). అంటే ఏ స్టార్‌కైనా పక్కన కావాల్సినవాళ్లే. ఆ జూన్‌లో బీల్ వచ్చాడు, ఆ ట్రేడ్‌లో ఆట నడిపే పాయింట్ గార్డ్ క్రిస్ పాల్ వెళ్లిపోయాడు. ఇప్పుడు ముగ్గురు స్టార్లూ ఒకే పని చేసేవాళ్లు, డ్రిబుల్ చేసుకుంటూ మిడ్‌రేంజ్‌లోకి వచ్చి షాట్ వేసేవాళ్లు. ఒకడు వేస్తుంటే ఇద్దరు నిలబడి చూస్తారు. రిమ్ (బుట్ట) దగ్గరికి వెళ్లి డిఫెన్స్‌ని కుదించేవాడు లేడు, తమ రిమ్ దగ్గర అడ్డుకునేవాడు లేడు. 2024-25లో ఈ ముగ్గురి జీతాలే దాదాపు 15 కోట్లు, రెండో ఏప్రన్ గీత 18.9 కోట్లు. సరిదిద్దుకుందామంటే బీల్ కాంట్రాక్టులో నో-ట్రేడ్ క్లాజ్ (అతను ఒప్పుకోకపోతే ట్రేడ్ చేయకూడదు), జీతాలు కలపడానికి రూల్ ఒప్పుకోదు, పిక్‌లు ముందే ఇచ్చేశారు. రెండేళ్లలో ఇద్దరు కోచ్‌లని మార్చారు, ఎందుకంటే మార్చగలిగింది కోచ్‌నే. 36-46తో సీజన్ ముగించి డురాంట్‌ని హ్యూస్టన్‌కి పంపి, బీల్ కాంట్రాక్టు బైఅవుట్ (డబ్బిచ్చి రద్దు) చేసుకున్నారు.

ట్రేడ్‌లలో ఎప్పుడూ నాలుగు పిక్‌లే ఎందుకు వినబడతాయంటే, ఏడేళ్ల దాకా భవిష్యత్ పిక్‌లు ఇవ్వొచ్చు కానీ వరసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా ఉండకూడదని రూల్ ఉంది. స్టెపియన్ రూల్ అంటారు. కాబట్టి ఏడాది విడిచి ఏడాది ఇస్తారు. డురాంట్ ట్రేడ్‌లో 2023, 2025, 2027, 2029. మధ్య ఏళ్లలో స్వాప్ పెడతారు, అంటే రెండు టీమ్‌ల పిక్‌లలో మెరుగైనది అవతలివాళ్లు తీసుకుంటారు. నాలుగు పిక్‌లు అన్నారంటే దుకాణంలో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినట్టు అర్థం.

ఓక్లహోమా సిటీ ఆ బేరంలో రెండో వైపు కూర్చుంది. 2019 జులైలో పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్‌కి ఇచ్చి షే, డానిలో గాలినారి, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు స్వాప్‌లు తీసుకుంది. అందులో ఒక పిక్ 2022లో 12వ స్థానంలో జేలెన్ విలియమ్స్ అయింది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. నా లెక్కలో అంతకంటే తెలివైన పని 2024 జూన్‌లో జరిగింది. జాష్ గిడ్డీ అనే కుర్రాడు, ఆరో పిక్, మంచి పాసర్. కానీ బంతి చేతిలో ఉంటేనే పనికొస్తాడు, త్రీ నమ్మకంగా వేయలేడు. 2024 ప్లేఆఫ్స్‌లో డాలస్ అతన్ని ఖాళీగా వదిలేసి, అతన్ని కాయాల్సిన మనిషిని పెయింట్‌లో (బుట్ట ముందు రంగు వేసిన చోట) నిలబెట్టింది. షే డ్రైవ్ చేసినప్పుడల్లా లోపల ఒక గోడ. అదే గిడ్డీ ఇంకో టీమ్‌లో మెయిన్ గార్డ్‌గా బాగా ఆడగలడు, షే పక్కన మాత్రం నష్టం. పిక్ ఒక్కటి కూడా చేతులు మారకుండా అతన్ని షికాగోకి ఇచ్చి ఆలెక్స్ కరూసోని తెచ్చారు. పాయింట్ల పట్టిక చూసినవాళ్లకి ఇది నష్టపు బేరం. కరూసోకి బంతి అక్కర్లేదు, వదిలేస్తే త్రీ వేస్తాడు, గార్డ్ నుంచి సెంటర్ దాకా ఎవరినైనా కొంతసేపు కాయగలడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని లూ డోర్ట్, ఫ్రీ ఏజెన్సీలో (పాత కాంట్రాక్టు అయిపోయి) వచ్చిన ఐజయా హార్టెన్‌స్టైన్ అదే కోవ. విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్ ఇద్దరూ ఇంకా రూకీ కాంట్రాక్టుల్లో (కొత్తవాళ్ల చవక కాంట్రాక్టుల్లో) ఉన్నారు కాబట్టి వీళ్లందరికీ డబ్బు మిగిలింది. 68 విజయాలు, షే ఎంవీపీ, ఏడు ఆటల ఫైనల్. 2026-27 నుంచి విలియమ్స్, హోమ్‌గ్రెన్ పెద్ద కాంట్రాక్టులు మొదలవుతాయి. అప్పుడు దాచుకున్న పిక్‌లతో చవకైన కుర్రాళ్లని నింపుకోవాలి, వాటి అసలు ఉపయోగం అదే.

వ్యూహానికి వస్తే, స్టార్ ఏ రకంవాడో దాన్నిబట్టి పక్కవాళ్లు మారిపోతారు. అన్నిటికంటే వివరంగా చూడదగ్గది 2023లో గెలిచిన డెన్వర్.

జమాల్ మర్రీ బంతి తెస్తాడు. యోకిచ్ త్రీ పాయింట్ లైన్ దగ్గర స్క్రీన్ పెడతాడు, అంటే మర్రీని కాసేవాడికి అడ్డంగా నిలబడతాడు. యోకిచ్‌ని కాసేవాడు వెనక్కి జరిగితే మర్రీ ఆగి షాట్ వేస్తాడు. ఇద్దరూ మర్రీ మీదికి వస్తే బంతి ఫ్రీ త్రో లైన్ దగ్గర యోకిచ్ చేతికి వస్తుంది, ఎదురుగా ముగ్గురే డిఫెండర్లు, తనవైపు తనతో కలిపి నలుగురు. సాధారణ సెంటర్ ఇక్కడ తడబడతాడు, ఇతను లీగ్‌లోకెల్లా గొప్ప పాసర్. ఇప్పుడు ఆరన్ గోర్డన్ ఎక్కడున్నాడో చూడండి. బేస్‌లైన్ మీద, రిమ్‌కి కొంచెం పక్కన నక్కి ఉంటాడు, ఆ చోటుని డంకర్ స్పాట్ అంటారు. అతన్ని కాసేవాడు యోకిచ్ వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, బంతి పైకి లేస్తుంది, గోర్డన్ గాల్లోనే అందుకుని డంక్ చేస్తాడు. ఆ డంక్ ఆపడానికి కార్నర్ డిఫెండర్ లోపలికి వస్తే అక్కడ మైకేల్ పోర్టర్ జూనియర్ ఖాళీ. 208 సెంటీమీటర్ల మనిషి, చేయి అడ్డం పెట్టినా పైనుంచి వేస్తాడు. ఇంతా జరిగేది రెండున్నర మూడు సెకన్లలో.

గోర్డన్ ఒర్లాండోలో ఉన్నప్పుడు డ్రిబుల్ చేసి స్కోర్ చేసే ప్రధాన ఆటగాడిగా వాడారు, అది అతనికి నప్పలేదు. 2021 మార్చిలో డెన్వర్ తెచ్చుకుని షాట్లు తగ్గించి, కట్‌లు, స్క్రీన్‌లు, ఎదుటి టీమ్‌లో బలమైనవాణ్ణి కాయడం అప్పగించింది. మనిషి అదే, పక్కన ఉన్నవాడు మారాడు. స్టార్ పక్కవాడిని ఎంచేటప్పుడు అతను ఇప్పుడు ఎన్ని కొడుతున్నాడని కాదు, ఆ షాట్లలో సగం తీసేస్తే ఇంకా ఏం మిగులుతుందని చూడాలి.

డిఫెన్స్‌లో కథ ఇంకోలా ఉంటుంది. యోకిచ్ ఎగిరి బ్లాక్ చేసే సెంటర్ కాదు. రిమ్ దగ్గర నిలబెడితే గార్డులు మీదినుంచి వేసేస్తారు. అందుకని డెన్వర్ అతన్ని తరచూ స్క్రీన్ ఎత్తు దాకా పైకి పంపుతుంది, చేతులు చురుకు కాబట్టి పాసులు తాకుతాడు. కానీ అతని వెనక పెయింట్ ఖాళీ. ఆ ఖాళీని పూడ్చాల్సింది గోర్డన్, కెంటావియస్ కాల్డ్‌వెల్ పోప్, బ్రూస్ బ్రౌన్. వాళ్లు అదనపు హంగు కాదు, యోకిచ్ డిఫెన్స్‌కి వాళ్లే పునాది. కప్పు గెలిచిన వెంటనే బ్రౌన్‌కి ఇండియానా రెండేళ్లకి 4.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. కాంట్రాక్టు రూల్ ప్రకారం డెన్వర్ ఇవ్వగలిగింది ఏడాదికి 80 లక్షలు కూడా లేదు. 2024లో కాల్డ్‌వెల్ పోప్ ఒర్లాండో వెళ్లాడు. 2024లో, 2025లో రెండుసార్లూ డెన్వర్ రెండో రౌండ్ ఏడో ఆటలో ఓడింది. ఈ రెండేళ్లూ యోకిచ్ ఆట తగ్గలేదు, చుట్టూ ఉన్న నలుగురే పలచబడ్డారు.

స్టెఫెన్ కర్రీ రకం వేరు. అతను బంతి లేకుండా పరిగెత్తుతున్నా ఇద్దరు వెంటపడతారు, కాబట్టి పక్కన షూట్ చేయలేని డ్రేమండ్ గ్రీన్ ఉన్నా నడుస్తుంది. కర్రీని ట్రాప్ చేయగానే (ఇద్దరు చుట్టుముట్టగానే) బంతి గ్రీన్ చేతికి, నలుగురికి ఎదురుగా ముగ్గురే డిఫెండర్లు, గ్రీన్ నిర్ణయం వేగంగా తీసుకుంటాడు. అలాంటివాళ్లు ఇద్దరు కోర్టు మీద ఉంటే మాత్రం పెయింట్ మూసుకుపోతుంది. యానిస్ ఆంటెటొకుంపోది పూర్తిగా ఎదురు. బయటినుంచి వేయలేడు, లోపల ఆపలేరు. అతనికి చుట్టూ నలుగురూ షూటర్లే కావాలి, సెంటర్‌తో సహా. మిల్వాకీ 2018లో బ్రూక్ లోపెజ్‌ని 34 లక్షల డాలర్లకి తెచ్చి త్రీ లైన్ బయట నిలబెట్టింది. అయినా 2019లో టొరంటో పెయింట్ ముందు ముగ్గురి గోడ కట్టి గెలిచింది. 2021 కప్పు నాటికి యానిస్ ఎప్పుడూ బంతి పట్టుకుని పైనుంచి దూకడం తగ్గించి, స్క్రీన్ పెట్టి లోపలికి రోల్ అవడం ఎక్కువ చేశాడు. బంతి నడిపే జ్రూ హాలిడే వచ్చాడు కాబట్టి అది కుదిరింది.

ఇక స్టార్‌ని ఆపే పద్ధతుల్లో మీ టీమ్‌కి పనికొచ్చేది 2024 ఫైనల్. డాలస్ ఆ ఫిబ్రవరిలో డేనియల్ గాఫర్డ్, పీజే వాషింగ్టన్‌లని తెచ్చి లూకా డాన్చిచ్‌కి సరిపోయే మనుషుల్ని చక్కగా సమకూర్చింది. లోపల గాల్లో అందుకునేవాడొకడు, కార్నర్లలో ఇద్దరు. రెండో డిఫెండర్ ఎటు కదిలినా శిక్ష. బోస్టన్ ఏం చేసిందంటే, రెండో మనిషిని పంపడమే మానేసింది. స్క్రీన్ వస్తే స్విచ్ చేసి (కాసే మనుషుల్ని మార్చుకుని), డాన్చిచ్‌ని, కైరీ అర్వింగ్‌ని ఒకరికొకరే కాసుకుని, కార్నర్లు వదలకుండా నిలబడ్డారు. రెండు పాయింట్ల కష్టమైన షాట్లు ఎన్ని కావాలంటే అన్ని వేసుకోమన్నారు. లాబ్‌లు (రిమ్ దగ్గర గాల్లోకి వేసే పాసులు) లేవు, కార్నర్ త్రీలు లేవు, డాన్చిచ్ దాదాపు 30 సగటుతో ఆడినా 4-1. పైగా అవతలి వైపు అతనే కాయాల్సి వచ్చేలా ప్రతిసారీ ఆట నడిపి కాళ్లు అరగదీశారు. ఇలా ఆపడానికి ఐదుగురూ స్విచ్ చేయగలవాళ్లై ఉండాలి, అది అందరికీ ఉండే సౌకర్యం కాదు. బోస్టన్ కూడా ఆ ఐదుగురి ఖర్చు మోయలేక 2025లో, అప్పటికి తన దగ్గరికి చేరిన హాలిడేని, పోర్జింగిస్‌ని వదులుకుంది.

సరే, మీ టీమ్.

మొదటి తేడా రూల్. మీరు ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతిలో. ఎన్‌బీఏలో ఎవరినీ దగ్గరగా కాయకుండా డిఫెండర్ పెయింట్‌లో మూడు సెకన్లకి మించి నిలబడకూడదు, ఫిబాలో ఆ నిబంధన లేదు. ఎదుటి టీమ్‌లో ఆరడుగుల మూడంగుళాల మనిషి ఒకడుంటే రిమ్ కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. టీవీలో షే చేసినట్టు మీవాడు పైనుంచి దూసుకెళ్తే నేరుగా వాడి చేతుల్లోకే. అందుకే బంతిని ప్రతిసారీ అతనికి పైన ఇచ్చి అందరూ పక్కకి జరగడం మీ స్థాయిలో చెడ్డ వ్యూహం.

ముందు ఒక పని చేయండి. రెండు ప్రాక్టీస్ మ్యాచ్‌లు బేస్‌లైన్ వెనక ఎత్తునుంచి ఫోన్‌లో తీయించండి. మీవాడికి బంతి వచ్చిన ప్రతిసారీ రెండో డిఫెండర్ ఎవరిని వదిలి వచ్చాడో రాసుకోండి. ఇరవై ముప్పై సార్లు చూస్తే ఒకే పేరు పదేపదే వస్తుంది. మీ టీమ్‌లో ఎదుటివాళ్లు భయపడనివాడు అతనే. అతన్ని కూర్చోబెట్టమని కాదు, చోటు మార్చమని. కార్నర్‌లో వేయలేనివాణ్ణి కార్నర్‌లో నిలబెట్టకూడదు. స్టార్‌కి స్క్రీన్ పెట్టే పని అతనికివ్వండి. అప్పుడు అతని డిఫెండర్ హెల్ప్‌కి రావాలన్నా స్క్రీన్ దగ్గరికే రావాలి, పెయింట్‌లో దాక్కోలేడు.

బంతి పైకి తెచ్చే పని స్టార్‌కి ఇవ్వకండి. ప్రెస్ చేసే (కోర్టంతా మీదపడి కాసే) టీమ్ మీద ఎనిమిది సెకన్లలో సగం గీత దాటించడానికే సగం ఓపిక అయిపోతుంది. ఇంకొకడు తెచ్చి, స్టార్ కోర్టు పక్క (వింగ్) నుంచి స్క్రీన్ వాడుకుని పరిగెత్తుతూ అందుకునేలా ఇవ్వాలి. నిలబడి అందుకున్నవాడికి ఎదురుగా డిఫెన్స్ సర్దుకుని ఉంటుంది, కదులుతూ అందుకున్నవాడికి ఒక అడుగు లాభం. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి గడువు) ఉన్న టోర్నమెంట్ అయితే 17, 18 సెకన్లు మిగిలి ఉండగా అతని చేతికి రావాలి. 8 సెకన్లకి వస్తే పాస్ చేసి మళ్లీ తీసుకునే టైం ఉండదు, బలవంతపు షాట్ తప్పదు.

కార్నర్‌లో ఇద్దరు. ఫిబా గీతకి, సైడ్‌లైన్‌కి మధ్య పట్టీ 90 సెంటీమీటర్లే. పాస్ వచ్చాక వెనక్కి జరిగి కాలు గీత మీద పెట్టి బంతి పోగొట్టుకోవడం మన లీగ్‌లలో రోజూ జరిగేదే. ముందే పాదాలు సర్దుకుని, మోకాళ్లు వంచి నిలబడాలి. నూటికి 33 త్రీలు వేసేవాడు నూటికి 50 రెండు పాయింట్ల షాట్లు వేసేవాడితో సమానం. కాబట్టి మీ కార్నర్ మనిషి పదిలో మూడు నాలుగు వేస్తే చాలు, మిస్ అయినప్పుడు మొహం చిట్లించకండి. రెండు మిస్సులకే స్టార్ పాస్ ఇవ్వడం ఆపేస్తే ఎదుటివాళ్లకి కావలసింది అదే.

ఎదుటివాళ్లు మనుషుల్ని కాకుండా చోట్లని కాస్తూ ముందు ఇద్దరు, వెనక ముగ్గురితో 2-3 జోన్ వేస్తే (కార్పొరేట్ టీమ్‌లు పదింట ఎనిమిది అదే వేస్తాయి) స్టార్‌ని పైన కాకుండా ఫ్రీ త్రో లైన్ మధ్యలో పెట్టండి. అక్కడ అతనికి బంతి అందితే ముందు ఇద్దరు వెనక్కి తిరగాలి, వెనక మధ్యవాడు పైకి రావాలి. పైకి వస్తే రిమ్ దగ్గర మీ పొడుగువాడు ఖాళీ, రాకపోతే స్టార్‌కి 4.6 మీటర్ల నుంచి షాట్. బంతి అందగానే డ్రిబుల్ పెట్టొద్దని గట్టిగా చెప్పండి. తిరిగి చూడాలి, తర్వాతే నిర్ణయం.

నిమిషాల లెక్క అందరూ మర్చిపోతారు. 40 నిమిషాల ఆటలో అతన్ని 32కి మించి ఆడించకండి. మొదటి క్వార్టర్ మొత్తం ఆడి, రెండో దాంట్లో మొదటి నాలుగు నిమిషాలు, మూడో దాని చివర నాలుగు నిమిషాలు కూర్చోవాలి. ఆ ఎనిమిది నిమిషాల్లో మీ రెండో మంచి ఆటగాడు తప్పకుండా కోర్టు మీద ఉండాలి, ఇద్దరినీ ఒకేసారి దించితే అక్కడే మ్యాచ్ పోతుంది. సుమారు 70 పొజెషన్లు (బంతి మీ చేతికొచ్చే విడతలు) వస్తాయనుకుంటే 20, 22 అతని షాట్‌తోనో, ఫ్రీ త్రోలతోనో, టర్నోవర్‌తోనో ముగియడం మంచి పాలు. అంటే మూడో వంతు లోపు. అంతకు మించితే నాలుగో క్వార్టర్‌లో షాట్లు రిమ్ ముందు భాగానికి తగలడం మొదలవుతుంది, కాళ్లు అయిపోయాయనడానికి అదే గుర్తు.

డిఫెన్స్‌లో ఎదుటి టీమ్ బెస్ట్ ప్లేయర్‌ని అతనికి అప్పగించాలన్న సరదా వద్దు. ఫిబాలో ఐదు ఫౌళ్లకే బయటికి. కార్నర్‌లో కదలకుండా నిలబడేవాణ్ణి ఇవ్వండి, చివరి ఐదు నిమిషాలకి మార్చుకోవచ్చు.

వచ్చే సీజన్‌కి ఇద్దరిని తీసుకునే అవకాశం ఉందన్నారు. మారతహళ్లి కోర్టుల్లో బంతి పట్టుకుని అందరినీ దాటేసే ఇంకొకణ్ణి చూసి మోజు పడకండి, మీవాడు కొట్టే షాట్లే అతనూ అడుగుతాడు. ఒకడు రీబౌండ్ పట్టి, స్క్రీన్ పెట్టి, బంతి రాకపోయినా అలగనివాడు కావాలి. రెండోవాడు ఎడమ వైపు కార్నర్‌లో వేయగలవాడు, ఎందుకంటే కుడిచేతి వాటం స్టార్ కుడివైపు డ్రైవ్ చేసినప్పుడు తెరుచుకునేది అవతలి పక్క కార్నరే.

మీవాడి పేరు నాలుగు మ్యాచ్‌లకి పాకిపోతే బాక్స్-అండ్-వన్ వేస్తారు. నలుగురు చతురస్రంగా జోన్, ఒకడు మీవాడి చొక్కా పట్టుకున్నట్టు వెంటే. 2019 ఫైనల్ రెండో ఆటలో టొరంటో కర్రీ మీద వేసింది ఇదే. అప్పుడు స్టార్‌ని బంతి కోసం అటూ ఇటూ పరిగెత్తనివ్వకండి. అతన్నే తీసుకెళ్లి బాక్స్‌లో పైవాళ్లిద్దరిలో ఒకడికి స్క్రీన్ పెట్టమనండి. వెంటాడేవాడు అతనితోనే వస్తాడు కాబట్టి ఒక్కచోట ఇద్దరు డిఫెండర్లు ఇరుక్కుంటారు, బంతి ఉన్నవాడు ఆ వైపునుంచి లోపలికి వెళ్తే ముగ్గురిలో ఎవరో ఒకరు పైకి రాక తప్పదు. ఆదివారం ప్రాక్టీస్‌లో ఇది ఒక్కటే ఇరవై నిమిషాలు, రెండు వైపులా మార్చి మార్చి చేయించండి. మొదటి పదిసార్లు స్టార్ స్క్రీన్ వదిలేసి బంతి కోసం చేయి చాపుతాడు, అక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టించాలి.